తంగేడు ఎంతమంది వాడుతున్నారు?

జూలై 2

మార్పు: పాత ఫోన్లలో తెర ఆరిపోయాక కూడా కెమెరా మేలుకునే ఉంటోంది. దాన్ని పడుకోబెట్టాను. గోరింక ముద్ర వేసింది.

మార్పుల చిట్టాలో ఇంతకు మించి ఒక్క ముక్క రాయకూడదని నియమం పెట్టింది నేనే. ఈ రోజు నుంచి తప్పుతున్నదీ నేనే. గోరింకకు పంపే ప్రతిలో ఇవేవీ ఉండవు. నా దగ్గరున్న ప్రతిలో రాసుకుంటాను, నాతో నేను మాట్లాడుకోవడం కంటే ఇది కొంచెం మర్యాదగా ఉంటుంది.

పొద్దున పోటు నీళ్ళు మూడో మెట్టు దాటి షాపులోకి వచ్చాయి. తడిసిన ఫోన్లు ఆరబెట్టే ఊక డబ్బాలన్నీ అటక మీదికి ఎత్తి, నేల తుడుస్తుంటే తరంగ మండలి ఆఫీసరు మేరీ సుశీల గారు వచ్చారు. ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని ఉన్నారు.

"కూర్చోండి. కుర్చీ తడిగా ఉంటే నా తప్పు కాదు, సముద్రానిది" అన్నాను.

"నిలబడే చెప్పేత్తానండీ. మంచి కబురు కాదు."

తంగేడు ఫోన్లు మాట్లాడుకోవడానికి మండలి వాళ్ళు ఎప్పుడో ఒక సన్నటి రేడియో తరంగం ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు దాన్ని అద్దె ఫోన్ల కంపెనీలు అడుగుతున్నాయి. కనీసం ఐదువందల మంది తంగేడు వాడుతున్నట్టు నెలాఖరులోగా చూపిస్తే అది మాకే ఉంటుంది. లేకపోతే ఆగస్టు ఒకటి పొద్దున్నే ఆపేస్తారు.

"ఎంతమంది వాడతారండీ మీ తంగేడు?"

"తెలియదు."

"ఉజ్జాయింపుగా చెప్పండి, పోనీ."

"ఉజ్జాయింపుగా కూడా తెలియదు."

"అదేటండీ! తయారుచేసేది మీరే కదా?"

"తయారుచేసేది మేమే. ఎవరు వాడుతున్నారో మాకు తెలియకుండా తయారుచేసేదీ మేమే."

ఆవిడ కుచ్చిళ్ళు మళ్ళీ ఎత్తి పట్టుకున్నారు. "గొప్పోళ్ళేనండీ" అని చెప్పులు పట్టుకుని నీళ్ళల్లోకి దిగి వెళ్ళిపోయారు.

జూలై 3

ఒకాయన అద్దె ఫోన్ తెచ్చి బల్ల మీద విసిరాడు. వారమంతా ఉప్పుచేపల పులుసు తిన్నాడని అది బీమా కంపెనీకి చెప్పేసిందట. ప్రీమియం పెంచారు. "దీని నోరు మూయించండి" అన్నాడు. అద్దె ఫోన్ నోరు మూయించడం కుదరదు, దాని లోపల ఏముందో చూడనివ్వరు. తంగేడు వేసుకుంటావా అని అడగాలని నోటిదాకా వచ్చింది. కొత్త మనిషిని మేముగా అడగం, అదీ ఒక నియమమే. బాగుచేసి పంపించాను.

తంగేడు అంటే ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేరు, అది ఎవరి కబుర్లూ ఎవరికీ మోయదు; దాని కోడ్ మొత్తం తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, పారేసిన పాత ఫోన్‌లో వేసుకోవచ్చు. కొత్త మార్పు కోసం ఏ కంపెనీ తలుపూ తట్టక్కర్లేదు. పెరుగు తోడుకు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళినట్టే, ఒక తంగేడు ఫోన్ ఇంకో తంగేడు ఫోన్ పక్కనుంచి వెళ్తే చాలు, మార్పు దానికి అందుతుంది. మేం దాన్ని తోడు అనే అంటాం. ఎవరి నుంచి ఎవరికి అందిందో ఎక్కడా రాసి ఉండదు.

ఒక్కరే మార్పు చేసి పంపితే ఏ ఫోనూ తీసుకోదు. ఇద్దరి ముద్ర పడాలి. ఒకరిని బెదిరించో కొనేసో ఏదో ఒకటి దూర్చకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. ఒకే ముద్ర ఉన్న మార్పును ఫోన్లు తెరవవు, రెండో ముద్ర వేసేవాళ్ళు తగిలేదాకా మోసుకుని తిరుగుతాయి. ముద్ర వేసేవాళ్ళం ఒకప్పుడు ఓ పెళ్ళి పంక్తి నిండేటంత మంది ఉండేవాళ్ళం. కొందరు కంపెనీల్లో చేరారు, కొందరు విసిగిపోయారు, కొందరు ఏమయ్యారో తెలియదు. ఇప్పుడు నేను, గోరింక.

గోరింక ఎవరో నాకు తెలియదు. పేర్లు, ఊళ్ళు అడగకూడదు. ఆడో మగో కూడా తెలియదు, పిట్ట పేరు కాబట్టి వేసింది, చేసింది అని రాస్తున్నాను. నాకు మిరపకాయ అని పేరు పెట్టింది ఆ పిట్టే, నా వ్యాఖ్యలు చదివాక. మేం మాట్లాడుకునేది ఆ సన్నటి తరంగం మీదే. అది పోతే నాకు గోరింక పోతుంది. రోజూ నాతో మాట్లాడే ప్రాణి అదొక్కటే.

జూలై 5

లెక్కపెట్టే కోడ్ రాశాను. వంకాయ ఉడికేలోపు అయిపోయింది. ప్రతి ఫోనూ ఒక్కసారి 'ఉన్నాను' అంటుంది. పేరు లేదు, ఊరు లేదు, ఆ ఒక్క మాటే. గోరింకకు పంపాను.

"ముద్ర వెయ్యను" అని వెంటనే జవాబు.

"చదివావా అసలు?"

"చదివాను. శుభ్రంగా రాశావు. వెయ్యను. 'ఉన్నాను' అన్న మాట ఎటునుంచి వచ్చిందో టవర్‌కు తెలుస్తుంది."

"ఒక్కసారే కదా!"

"నీకు ఒక్కసారి చాలు. వెతికేవాడికీ ఒక్కసారి చాలు."

"అసలు ఎవరిని ఎవడు వెతుకుతాడు?" అని రాశాను. దానికి జవాబు రాలేదు. నాకు కోపం వచ్చి వంకాయ మాడ్చాను.

జూలై 9

సరే, లెక్కపెట్టొద్దు, పిలుద్దాం అన్నాను. తెర మీద ఒక మనవి: 'తంగేడు తరంగం ఆగిపోబోతోంది. మీరు వాడుతున్నట్టు చెప్పడానికి కొత్తలంక రేవులోని ఫోన్ల షాపుకు గానీ, మీ దగ్గర్లోని తరంగ మండలి ఆఫీసుకు గానీ వచ్చి పేరు రాయించండి. ఇష్టమైతేనే.'

గోరింక 'ఇష్టమైతేనే' అన్న మాటను చివరినుంచి తీసి మొదట్లో పెట్టి, ముద్ర వేసింది. దానికి ఇలాంటి చాదస్తాలు ఉన్నాయి. ఆ షాపు నాదేనని నేను చెప్పలేదు, అది అడగలేదు.

మార్పును ఫోన్‌లోకి ఎక్కించుకుని పంటు ఎక్కాను. ఏరు దాటించే పంటు మీద జనం, మోటారు సైకిళ్ళు, మేకలు, కొబ్బరి బోండాలు. ఎవరి జేబులో అద్దె ఫోన్ ఉందో, ఎవరి దగ్గర తంగేడు ఉందో పైకి తెలియదు. అవతలి ఒడ్డుకు వెళ్ళి అదే పంటులో వెనక్కి వచ్చాను. టికెట్లు కొట్టేవాడు "ఏటండీ, ఏదన్నా పారేసుకున్నారా?" అని అడిగాడు.

జూలై 15

వచ్చేవాళ్ళకు టీ ఇద్దామని కొత్త గాజు గ్లాసులు కొన్నాను. షాపు ముందు బల్ల కడిగి వేశాను. పొద్దున్నే ఫ్లాస్కు నింపుతున్నాను, మధ్యాహ్నానికి నేనే తాగేస్తున్నాను. మండలి ఆఫీసుకు కూడా ఒక్కరూ రాలేదని మేరీ సుశీల గారు చెప్పారు.

నిజం రాస్తాను. నాకు మండలి సంగతి సగమే. మిగతా సగం, ఎవరైనా ఒకరు ఆ మెట్లెక్కి వచ్చి 'అమ్మా, నేను వాడుతున్నాను' అనాలని ఉంది. ఇన్నేళ్ళూ ఈ పని ఎవరికోసం చేశానో ఒక్క ముఖమైనా చూడాలని ఉంది. ఎవరూ లేరేమో. నేనూ గోరింకా ఒకరి కోడ్ ఒకరం దిద్దుకుంటూ, ఖాళీ ఇంటికి రోజూ సున్నం వేస్తున్నామేమో.

జూలై 19

పీతలు అమ్మే గనిరాజు వచ్చాడు. పంటు మీద చూడ్డమే తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. చార్జరు కావాలన్నాడు. చూపిస్తే దాన్ని చూడకుండా వీధివైపు చూస్తున్నాడు. తర్వాత గొంతు తగ్గించి,

"అమ్మగారూ, మీకో మాట చెప్పాలండి. ఎవరో మీ షాపు పేరెట్టి వల ఏసేరండి" అన్నాడు.

"ఏం వల?"

"తంగేడని ఓ రకం ఫోనుంటదండి. నాకు లేదండోయ్. మా బావమరిది ఫోన్లో సూసేను. ఈ షాపుకొచ్చి పేరు రాయించమని వచ్చిందండి దాంట్లో. మీకేటన్నా ఇబ్బందొత్తదేమోనని చెప్పిపోదామని."

"తంగేడు వాళ్ళే పంపారేమో?"

"ఆళ్ళలా అడగరండి. 'ఎవరన్నా మీ పేరడిగితే నమ్మకండి, అది మేం కాదు' అని ఆళ్ళే మొదటి తెరమీద రాసేరు కదండీ. ఆయ్, చాలా గట్టోళ్ళండి."

ఆ వాక్యం రాసింది నేను. అందరికీ అర్థమయ్యేలా ఉండాలని ఎన్నిసార్లు తిరగరాశానో నాకే తెలుసు. ఇంత బాగా అర్థమైందని ఇవాళ తెలిసింది.

"ఎవరు ఆ గట్టివాళ్ళు?" అని అడిగాను.

"ఎవరో పెద్దోళ్ళండి. హైదరాబాదులోనో ఎక్కడో ఓ బిల్డింగునిండా ఉంటారంట. ఆ వల తెర వచ్చిన రోజే అందరం ఆ కబురు చెరిపి పారేసేమండి."

"అందరమా? ఎంతమంది?"

అంత ఆత్రంగా అడిగి ఉండకూడదు. అతని ముఖం మారిపోయింది. "మా బావమరిదండీ... ఆడికి సెప్తే చెరిపేసేడు" అని, చార్జరు అక్కడే వదిలేసి గబగబా మెట్లు దిగిపోయాడు. నన్ను మండలి మనిషి అనుకున్నాడు. నవ్వు ఆగలేదు, తర్వాత ఏడుపూ ఆగలేదు. ఫ్లాస్కులో టీ అలాగే ఉంది. ఒక్క గ్లాసుడు ఇవ్వాలని కూడా తోచలేదు నాకు.

జూలై 24

గనిరాజు మాట నన్ను నిలవనివ్వలేదు. అందరం అన్నాడు. ఉన్నారు, అయితే. ఎంతమందో తెలుసుకోవడానికి ఇక ఒకటే దారి. లెక్కపెట్టే కోడ్ మళ్ళీ గోరింకకు పంపాను. ఈసారి వాదించలేదు, బతిమాలాను. "ఇది లేకపోతే తరంగం పోతుంది. తరంగం పోతే మనిద్దరం మాట్లాడుకోవడం ఉండదు. నాకు ఇంకెవరూ లేరు" అని రాశాను. అలా రాయడానికి సిగ్గుపడలేదు.

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది.

"పాత ఫోన్ ఉన్నప్పుడు నేనెక్కడున్నానో అది మా ఆయనకు చెప్పేది. ఊరు మారాను. వచ్చాడు. ఇంకో ఊరు మారాను. అక్కడికీ వచ్చాడు. నా చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. తర్వాతి ఊళ్ళో తంగేడు వేసుకున్నాను. రాలేదు. అందుకే నీ పనిలో చేరాను, మిరపకాయా. నాలాంటి వాళ్ళకు ఇక్కడ నేనే వేసిస్తుంటాను. ఎవరినించి పారిపోయి వచ్చారో నేను అడగను. వాళ్ళ తరఫున 'ఉన్నాను' అని నేను చెప్పలేను."

ఇన్నేళ్ళుగా నా కామాలు, చుక్కలు దిద్దిన మనిషి ఒక చేత్తోనే టైపు చేస్తోందని నాకు తెలియదు. ఎప్పుడైనా ఆలస్యమైతే, నిద్రపోతున్నావా అని ఎగతాళి చేసేదాన్ని.

కోడ్ తీసేశాను. "తీసేశాను" అని రాశాను.

"తరంగం పోతుంది మరి" అంది.

"పోనీ" అన్నాను. అలా అనడం చాలా కష్టమైంది.

జూలై 30

మండలి ఆఫీసుకు వెళ్ళాను. మేరీ సుశీల గారు కంప్యూటర్‌లో మా పేజీ తెరిచారు. వాడేవారి సంఖ్య అన్న చోట 'తెలియదు' అని కొట్టారు. తీసుకోలేదు. అంకె మాత్రమే వేయాలట.

"పోనీ నేనే ఐదొందల పేర్లు ఎక్కించేనా? మా చుట్టాలే బోల్డుమంది ఉన్నారండీ. ఎవరడుగుతారు?" అన్నారు మెల్లిగా.

"అడుగుతారు. రేపు ఎవరో వాళ్ళ ఇంటికెళ్ళి ఏదీ ఆ ఫోన్ చూపించమంటారు. మీ ఉద్యోగం పోతుంది."

"మరేటి ఎయ్యమంటారండీ?"

"సున్నా వేయండి."

ఆవిడ వేలు ఆ మీట మీదే పెట్టి ఆగారు. "అబద్ధమే కదండీ అదీ" అన్నారు. ఆవిడే నొక్కారు, తర్వాత కళ్ళజోడు తీసి పైట చెంగుతో చాలాసేపు తుడుచుకున్నారు.

జూలై 31

మార్పులేవీ లేవు. అయినా పొద్దుటినుంచి ఇద్దరం తరంగం మీదే ఉన్నాం. ఇన్నేళ్ళూ కోడ్ గురించి తప్ప మాట్లాడుకోలేదు, ఇప్పుడు ఏం మాట్లాడాలో తోచలేదు. నీ పేరేమిటి అని టైపు చేసి చెరిపేశాను.

"ఏం వండుకున్నావు?" అని అడిగింది.

"తోటకూర పులుసు. నువ్వు?"

"జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు."

అది నియమం తప్పడమే. జొన్నరొట్టెలు చేసుకునే ఊరంటే ఈ సముద్రానికి చాలా దూరం. మెట్ట నేల. నేను తెలుసుకోవాలనే చెప్పింది. నా తోటకూర పులుసుకు అంత అర్థం లేనందుకు బాధపడి, "ఇక్కడ ఇంట్లోకి పోటు నీళ్ళు వస్తాయి" అని రాశాను.

"జాగ్రత్త" అంది.

ఆగస్టు 1

పొద్దున్న ఆపేశారు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే చూశాను, తెర మీద తరంగం గుర్తు లేదు.

ఆగస్టు 20

రోజూ పొద్దున లేచి సౌర పలకల మీద పేరుకున్న ఉప్పు తుడుస్తాను. గంజి కాచుకుంటాను. అలవాటు కొద్దీ గోరింకతో మాట్లాడే తెర తీస్తాను. చివరి మాట జాగ్రత్త అనే ఉంటుంది. మూసేస్తాను. షాపుకు జనం వస్తూనే ఉన్నారు. చార్జర్లు, అద్దాలు, బ్యాటరీలు. రోజంతా మాట్లాడుతూనే ఉంటాను, సాయంత్రానికి ఎవరితోనూ మాట్లాడినట్టు ఉండదు. మేరీ సుశీల గారు ఒకసారి రొయ్యల పచ్చడి తెచ్చిచ్చి వెళ్ళారు. బాగుంది, కారం తక్కువ.

సెప్టెంబరు 11

ఒక లోపం దొరికింది. తరంగం లేకపోయినా తంగేడు ఫోన్ దాన్ని ఆపకుండా వెతుకుతూనే ఉంది. మధ్యాహ్నానికల్లా బ్యాటరీ అయిపోతోంది. నా ఫోన్‌కే ఇలా ఉంటే అందరికీ ఇలాగే ఉంటుంది. చేతిలో చచ్చిన ఫోన్ పట్టుకుని ఎవరెక్కడ నిలబడతారో.

మార్పు: తరంగం కోసం వెతకడం ఆపు.

చిన్న మార్పే. బొటనవేలు ఆనించి నా ముద్ర వేశాను. రెండో ముద్ర వేయాల్సిన మనిషి జొన్నరొట్టెల ఊళ్ళో ఉంది. ఇక్కడి లంకల్లో తోడు తిరుగుతుంది, అక్కడ వాళ్ళ ఊళ్ళో తిరుగుతుంది. ఈ రెండింటికీ నడుమ ఇన్ని ఊళ్ళున్నాయి, ఆ ఊళ్ళన్నిటిలో ఒకరి పక్కనుంచి ఒకరు నడిచేటంత మంది తంగేడు వాళ్ళు ఉంటారని నేను ఎన్నడూ అనుకోలేదు. ఐదువందల మందిని చూపించలేకపోయినదాన్ని. అయినా ఒంటి ముద్రతోనే ఫోన్‌లోకి ఎక్కించుకుని పంటు మీద వెళ్ళొచ్చాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను.

అక్టోబరు 6

ఏమీ రాలేదు. పంటు ఎక్కడం మానేద్దామనుకుంటాను, పొద్దున్నే కాళ్ళు అటే వెళ్తాయి. టికెట్లు కొట్టేవాడు ఇప్పుడు ఏం పారేసుకున్నారని అడగడం లేదు.

నవంబరు 15

తుఫాను. షాపులో నడుముదాకా నీళ్ళు. ఊక అంతా కొట్టుకుపోయింది. ఎవరైనా ఉంటే ఒక డబ్బా అందుకునేవాళ్ళు అనుకున్నాను. అలా అనుకున్నందుకు నామీద నాకే విసుగొచ్చింది.

డిసెంబరు 18

పొద్దుటి పంటు. మంచు బాగా కమ్ముకుని ఉంది, అవతలి గట్టు కనబడటం లేదు. అయ్యప్ప మాలలు వేసుకున్నవాళ్ళు, కూలికి వెళ్ళే ఆడవాళ్ళు, మెట్ట ఊళ్ళనుంచి మిరప నారు తెచ్చినవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. గనిరాజు గంప పట్టుకుని నాకు దూరంగా నిలబడ్డాడు. చార్జరు సంగతి ఇంకా మర్చిపోలేదు.

పంటు కదిలాక ఫోన్ చేతిలో ఒకసారి వణికింది. సెప్టెంబరు నుంచి అది వణకడం ఇదే మొదలు. చూశాను. ఒక మార్పు వచ్చింది, ఒకే ముద్రతో. నాది కాదు, గోరింక ముద్ర.

నా మార్పే. దాన్ని దిద్ది తిరిగి పంపింది. పక్కన వ్యాఖ్య రాసింది: 'పూర్తిగా ఆపొద్దు, మిరపకాయా. రోజుకొకసారి వెతకనీ. దిద్దాను కాబట్టి నీ ముద్ర చెల్లదు, మళ్ళీ వెయ్యి.'

రెండుసార్లు చదివాను. అప్పటికి గానీ అర్థం కాలేదు. నేను ఈ పంటు మీద వదిలింది జొన్నరొట్టెల ఊరిదాకా వెళ్ళింది. వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. రేవులు, బస్సులు, సంతలు, ఆస్పత్రి వరండాలు. ఎవరో ఒకరి పక్కన కూర్చున్నారు, వాళ్ళు ఇంకొకరి వెనక నిలబడ్డారు. ఎక్కడా తెగలేదు. పేరు చెప్పడానికి ఒక్కరూ రాలేదు గానీ దీన్ని మాత్రం ఇంత దూరం మోసుకెళ్ళి మోసుకొచ్చారు. ఏం మోస్తున్నారో వాళ్ళకూ తెలియదు. ఆ జనంలో నిలబడి ఏడ్చాను. పక్కనున్న ఆవిడ "మంచు పడట్లేదాండీ?" అని అడిగింది. పడటం లేదన్నాను.

బొటనవేలు ఆనించాను. రెండో ముద్ర పడింది. నా ఫోన్ ఒకసారి ఆరిపోయి, పసుపు తెరతో వెలిగింది. కొత్త మార్పు వేసుకున్నప్పుడు తంగేడు ఫోన్లన్నీ అలాగే వెలుగుతాయి.

గనిరాజు చొక్కా జేబులో పసుపు రంగు వెలిగింది. అతను గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మిరప నారు మోపు వెనక ఒకటి వెలిగింది. మంచు పడట్లేదా అని నన్ను అడిగిన ఆవిడ పైట కింద ఇంకొకటి. ఆవిడ ఉలిక్కిపడి పైట దగ్గరికి లాక్కుంది. ఆ చివర, మోటారు సైకిళ్ళ మధ్య మంచులో మరికొన్ని వెలగబోతున్నాయి.

నేను ఏటివైపు తిరిగిపోయాను. లెక్క తెలిసిపోతుందేమోనని భయపడి, గట్టు తగిలేదాకా నీళ్ళవంకే చూస్తూ నిలబడ్డాను.